నివాస వీధుల్లో వేగానికి కళ్లెం వేసేదెవరు?

నిబంధనలున్నాయి, అధికారాలున్నాయి, అర్జీకి జవాబు చెప్పేవారే కరువు

న్యూఢిల్లీ: ఇళ్ల మధ్యగా పోయే వీధిలో వాహనాల వేగాన్ని తగ్గించాలని కోరుతూ కాలనీవాసులు అధికారులకు వినతిపత్రం సమర్పించడం దేశంలోని ఏ నగరంలోనైనా సర్వసాధారణ దృశ్యం. మంచినీరు, మురుగుకాలువలు, వీధిదీపాలతోపాటు ఈ కోరిక కూడా సంక్షేమ సంఘాల అర్జీలలో స్థిరమైన చోటు సంపాదించుకుంది. అయితే కుళాయిలో నీళ్లు రాకపోతే ఏ కార్యాలయం మెట్లెక్కాలో ప్రజలకు తెలుసు. వీధిలో వేగం తగ్గించమని ఎవరిని అడగాలో, ఎన్నాళ్లకు జవాబు వస్తుందో, ఏ ప్రాతిపదికపై అవుననీ కాదనీ నిర్ణయిస్తారో చాలా నగరాలలో స్పష్టంగా చెప్పేవారు లేరు.

ఫలితంగా రెండే జరుగుతున్నాయి. అర్జీ ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరుగుతూ ఉండిపోవడం ఒకటి. ఎవరో ఒకరు వాహనం కింద పడి మరణించాకనో, స్థానిక నాయకుడొకరు గట్టిగా చెప్పాకనో రాత్రికి రాత్రే రోడ్డుకు అడ్డంగా ఒక సిమెంటు గట్టు లేవడం రెండోది. మొదటిది పాదచారికి ప్రమాదం. రెండోది ద్విచక్ర వాహనదారుకు ప్రమాదం. ఈ రెంటికీ మధ్య ఉండవలసిన మార్గం కాగితం మీద మూడున్నర దశాబ్దాలకు పైగా ఉన్నప్పటికీ అది ఇంకా వీధి దాకా చేరలేదు.

లెక్కల్లో కనిపించని వీధి

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2023లో దేశంలో 4,80,583 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,72,890 మంది మరణించారు. మృతులలో 35,221 మంది పాదచారులు. 2016లో మరణించిన పాదచారుల సంఖ్య 15,746 మాత్రమే. ప్రమాదాల నమోదు మెరుగుపడటం ఈ పెరుగుదలకు కొంత కారణం కావచ్చు. అయినా ఏడేళ్లలో సంఖ్య రెట్టింపు దాటడం తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

ఈ మరణాలన్నీ రహదారులపైనే జరుగుతున్నాయన్న అభిప్రాయం సరికాదు. 2022లో జాతీయ రహదారులపై 61,038 మంది, రాష్ట్ర రహదారులపై 41,012 మంది మరణించగా, ఈ రెంటిలోకీ రాని ‘ఇతర రోడ్ల’పై మరణించినవారు 66,441 మంది. మొత్తం మరణాలలో ఇది 39.4 శాతం. జిల్లా రోడ్లు, గ్రామీణ రోడ్లు, నగరాలలోని వీధులు అన్నీ ఈ ఒక్క పద్దులోనే కలిసిపోతాయి. వీటిలో నివాస వీధుల వాటా ఎంతో విడిగా తెలుసుకునే వీలు ఈ లెక్కలలో లేదు.

ప్రమాదభరిత ప్రదేశాల గుర్తింపులోనూ ఇదే ఇబ్బంది. జాతీయ రహదారులపై సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడేళ్ల కాలంలో, మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరిగితేనో, పది మంది మరణిస్తేనో ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’గా పరిగణిస్తారు. రహదారికి ఈ కొలత తగినదే కావచ్చు. ఇరవై అడుగుల వీధికి ఇదే కొలబద్ద అయితే అది ఏనాటికీ జాబితాకెక్కదు. బంతి కోసం పరుగెత్తిన పిల్లవాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్న సంఘటన ఏ పోలీసు స్టేషన్ రికార్డులోనూ ఉండదు. వీధివాసుల అర్జీలలో ఉండేవి సరిగ్గా అటువంటి సంఘటనలే. లెక్కకు రాని భయాన్ని లెక్కలు అడిగే కార్యాలయం ముందు పెట్టవలసి రావడమే ఈ అర్జీల అసలు బలహీనత.

ముప్పైకీ యాభైకీ తేడా

నివాస ప్రాంతాలలో వేగం గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణం సామాన్య గణితమే. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు సుమారు 8.3 మీటర్లు కదులుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో దాదాపు 14 మీటర్లు కదులుతుంది. ఎదుట మనిషి కనిపించాక డ్రైవరు బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడుతుందనుకుంటే, 30 వేగంలో వాహనం పన్నెండున్నర మీటర్లు పోయేసరికి బ్రేకు పడుతుంది. 50 వేగంలో దాదాపు 21 మీటర్లు పోయాక గానీ బ్రేకు పడటం మొదలు కాదు. అంటే మొదటి వాహనం ఆగిపోయే చోటికి రెండవ వాహనం ఏమాత్రం వేగం తగ్గకుండానే చేరుతుంది. తాకిడి శక్తి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక 30తో పోలిస్తే 50 వేగంలో దెబ్బ దాదాపు 2.8 రెట్లు బలంగా ఉంటుంది.

సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలకు ఆస్కారం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. పాదచారులు, సైకిళ్లు, వాహనాలు కలగలిసి తిరిగే చోట్ల గరిష్ఠ వేగాన్ని 30 కిలోమీటర్లకు పరిమితం చేయాలని 2020 ఫిబ్రవరిలో జరిగిన స్టాక్‌హోమ్ మంత్రుల స్థాయి సదస్సు పిలుపునిచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆ ప్రకటనను ఆమోదించింది.

భారతదేశంలో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంది. 2018 ఏప్రిల్ 6న కేంద్రం జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్లపై కార్లకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, ద్విచక్ర వాహనాలకు 60 కిలోమీటర్లు. నగరం నడిబొడ్డున ఉన్న ఆరు వరుసల రోడ్డుకూ, ఇళ్ల గుమ్మాలను ఆనుకొని పోయే సందుకూ ఆ నోటిఫికేషన్‌లో తేడా లేదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. ప్రజా భద్రత దృష్ట్యా గానీ, రోడ్డు స్వభావాన్ని బట్టి గానీ ఏ రోడ్డుపైనైనా ఇంతకంటే తక్కువ పరిమితిని నోటిఫై చేసి, బోర్డులు పెట్టే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ అధికారాన్ని వినియోగించని చోట, ఇరవై అడుగుల వీధిలో 55 వేగంతో పోయే మోటారు సైకిల్‌ను నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద పట్టుకోవచ్చునేమో గానీ వేగ పరిమితి దాటినందుకు పట్టుకోలేరు. కాలనీవాసుల అర్జీలలో స్పీడ్ బ్రేకర్ కోరిక ఉంటుంది తప్ప 112వ సెక్షన్ ప్రస్తావన అరుదు. ఆ సంగతి వారికి చెప్పినవారూ అరుదే.

మోతాదు తప్పిన మందు

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. జాతీయ, రాష్ట్ర రహదారులపై కాకుండా చిన్న రోడ్లపైన, ఎంపిక చేసిన నివాస వీధులలో, పాఠశాలలు, ఆస్పత్రుల సమీపంలో వీటిని నిర్మించవచ్చునని అందులో ఉంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించిన గట్టు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు కలిగి, విల్లు వంపులో ఉండాలి. వరుసగా వేస్తే 100 నుంచి 120 మీటర్ల ఎడం పాటించాలి. గట్టుపై నలుపు తెలుపు పట్టీలు వేయాలి. 40 మీటర్ల ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి. ఈ మార్గదర్శకాలను 2018లో సవరించి, స్పీడ్ బ్రేకర్లకే పరిమితం కాకుండా వేగ నియంత్రణ పద్ధతులన్నిటికీ విస్తరించారు.

3.7 మీటర్ల వెడల్పు ఊరికే పెట్టిన అంకె కాదు. బ్రిటన్‌లోని రవాణా, రోడ్డు పరిశోధనా ప్రయోగశాల 1970వ దశకం తొలి రోజుల్లో జరిపిన ప్రయోగాలలో తేలిన కొలత ఇది. వెడల్పయిన గట్టును వాహనం నెమ్మదిగా దాటితే ఇబ్బంది ఉండదు, వేగంగా దాటితే కుదుపు పెరుగుతుంది. సన్నని గట్టు ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. జాగ్రత్తగా నడిపేవాడికి వెన్ను అదిరేంత కుదుపు తగులుతుంది. కారులో వేగంగా దూసుకుపోయేవాడికి చక్రాల స్ప్రింగులే ఆ దెబ్బను మింగేస్తాయి. వీధుల్లో కనిపించేవి ఎక్కువగా ఈ సన్నని రకమే. రంగు లేకుండా, బోర్డు లేకుండా, దీపం లేని చోట వేసిన గట్టు రాత్రివేళ స్కూటరు మీద వచ్చేవాడి పాలిట యమపాశమే.

ఇది అతిశయోక్తి కాదు. 2015లో స్పీడ్ బ్రేకర్ల కారణంగా జరిగినట్టు నమోదైన ప్రమాదాలు 11,084 కాగా వాటిలో 3,409 మంది మరణించారు. దరిమిలా జాతీయ రహదారులపై స్పీడ్ బ్రేకర్లను తొలగించాలని కేంద్ర మంత్రిత్వ శాఖ 2016 ఏప్రిల్‌లో ఆదేశించింది. ప్రాణాలు కాపాడడానికి వేసిన గట్టే ప్రాణాలు తీస్తున్నదంటే దోషం గట్టుది కాదు, దానిని కొలత లేకుండా వేసిన పద్ధతిది. 2023లో మరణించినవారిలో 77,539 మంది, అంటే దాదాపు 45 శాతం, ద్విచక్ర వాహనాలపై ఉన్నవారేనన్నది ఇక్కడ గమనార్హం.

ఎవరి వీధి?

అర్జీ ఎక్కడ నిలిచిపోతున్నదో అర్థం చేసుకోవడానికి దేశ రాజధానే మంచి ఉదాహరణ. ఢిల్లీలో 60 అడుగులు, అంతకు మించిన వెడల్పు గల రోడ్లు 2012 నుంచి ప్రజాపనుల శాఖ కిందకు వచ్చాయి. అంతకంటే చిన్న వీధులు నగరపాలక సంస్థవి. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్, కంటోన్మెంట్ ప్రాంతాలు వేరు. ట్రాఫిక్ పోలీసులు కేంద్ర హోంశాఖ పరిధిలో ఉంటారు. కాలనీలో ఒకే మలుపు దగ్గర కలిసే రెండు రోడ్లకు యజమానులు వేరు, వాటిపై వాహనాలను నియంత్రించే యంత్రాంగం వేరు కావచ్చు. గట్టు వేయవలసింది ఇంజనీరు, అవసరమా కాదా అని చెప్పవలసింది పోలీసు అధికారి, నిధులు సిఫార్సు చేయవలసింది ప్రజాప్రతినిధి. ముగ్గురిలో ఏ ఒక్కరూ కాదనకపోయినా పని జరగకపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

రాష్ట్రాలలో పరిస్థితి ఇంత చిక్కుగా లేకపోయినా మౌలికంగా ఇదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనూ పట్టణాల మీదుగా పోయే ప్రధాన రోడ్లు రోడ్లు భవనాల శాఖవి కాగా, లోపలి వీధులు పురపాలక సంస్థలవి, ట్రాఫిక్ పోలీసులది.

ఈ చిక్కును విప్పే ప్రయత్నం సుప్రీంకోర్టు చేయకపోలేదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్య నిపుణుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో న్యాయమూర్తులు మదన్ బి. లోకుర్, దీపక్ గుప్తాలతో కూడిన ధర్మాసనం 2017 నవంబర్ 30న విస్తృతమైన ఆదేశాలిచ్చింది. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన, పోలీసు, ఆరోగ్య శాఖలతోపాటు రోడ్ల యాజమాన్యం గల సంస్థలన్నిటి ఇంజనీర్లతో, పౌర సమాజ ప్రతినిధులతో జిల్లా రోడ్డు భద్రతా కమిటీలు ఏర్పాటు చేయాలన్నది వాటిలో ఒకటి. వేగ నియంత్రణ చర్యలు కూడా ఆ ఆదేశాలలో ప్రత్యేకంగా చోటు చేసుకున్నాయి. ఇదే వ్యాజ్యంలో 2025 మే నెలలో పాదచారులకు కాలిబాట హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని న్యాయస్థానం స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబర్ 7న, జాతీయ రహదారులు కాని రోడ్ల రూపకల్పన, నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలపై ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇందుకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బలం కూడా ఉంది. రోడ్డు రూపకల్పన, నిర్వహణ ప్రమాణాలను పాటించని కారణంగా మరణం లేదా వైకల్యం సంభవిస్తే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించడానికి 198ఎ సెక్షన్ వీలు కల్పిస్తోంది. కొలత లేని గట్టుకూ ఇది వర్తించవలసిందే. అంటే అడిగే చోటు ఉంది, చట్టం ఉంది, ప్రమాణం ఉంది. వీధి నుంచి వచ్చే అర్జీని ఈ మూడింటితో కలిపే దారి మాత్రం ఏర్పడలేదు.

గట్టు ఒక్కటే మార్గం కాదు

కాలనీవాసులు స్పీడ్ బ్రేకర్‌నే కోరడానికి కారణం వారికి కనిపించే పరిష్కారం అదొక్కటే కావడం. నిజానికి రోడ్డు ఆకృతిని మార్చి వేగాన్ని తగ్గించే పద్ధతులు అనేకం ఉన్నాయి. మలుపు దగ్గర రోడ్డును ఇరుకు చేయడం, జీబ్రా క్రాసింగ్‌ను కాలిబాట ఎత్తుకు లేపడం, తిన్నని వీధిలో చిన్న వంకరలు కల్పించడం, చిన్న కూడళ్లలో గుండ్రని దిమ్మె కట్టడం వాటిలో కొన్ని. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో 1960వ దశకం చివర వీధులలో చెట్లు, బెంచీలు, వంకరలు ఏర్పాటు చేసి వాహనాలు మనిషి నడక వేగానికి దగ్గరగా పోయేటట్టు చేశారు. 1976లో ఆ పద్ధతికి అక్కడ చట్టబద్ధమైన హోదా లభించింది. ఘనాలో ఆక్రా నుంచి కుమాసి వెళ్లే రహదారిపై సుహుమ్ కూడలి వద్ద రోడ్డుపై గరుకు పట్టీలు వేసినందువల్ల ప్రమాదాలు సుమారు 35 శాతం, మరణాలు సుమారు 55 శాతం తగ్గాయి. సంపన్న దేశాలకే సాధ్యమయ్యే విషయం కాదిది.

వేగ నియంత్రణపై అభ్యంతరాలు లేకపోలేదు. అంబులెన్సు, అగ్నిమాపక శకటం ఆలస్యమవుతాయి. గట్టు పక్క ఇంటికి చప్పుడు, పొగ తప్పవు. వెన్నునొప్పి రోగులకు, గర్భవతులకు ప్రతి కుదుపూ బాధే. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక వీధిలో గట్టు వేస్తే వాహనాలు పక్క వీధికి మళ్లుతాయి. ప్రధాన రోడ్డుపై రద్దీ ఉన్నప్పుడు దగ్గరి దారిని సెల్‌ఫోన్ పటమే చూపుతున్న ఈ రోజుల్లో ఈ మళ్లింపు మరింత తేలిక. నిమిషాల లెక్కన సరకు ఇంటికి చేర్చే వ్యాపారాల తొందర కూడా ఈ సందుల్లోనే కనిపిస్తుంది. అందువల్ల ఒక్కొక్క వీధికి విడిగా కాకుండా కాలనీ మొత్తానికి కలిపి ప్రణాళిక వేయడమే సరైన పద్ధతి. ప్రభుత్వం ఆ పని చేయని చోట స్థోమత గల కాలనీలు వీధి మొదట గేట్లు బిగించుకుంటున్నాయి. స్థోమత లేని బస్తీలు రాళ్లో, పాత డ్రమ్ములో అడ్డం పెట్టుకుంటున్నాయి.

అర్జీ వీధికెక్కితే

జవాబు రాని అర్జీ చివరకు వీధికెక్కుతుందనడానికి పొరుగు దేశమే సాక్ష్యం. 2018 జులై 29న బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో బస్సు దూసుకుపోయి ఇద్దరు విద్యార్థులు మరణించగా వేలాది మంది పిల్లలు రోడ్లపైకి వచ్చి, రోజుల తరబడి తామే వాహనాలను ఆపి లైసెన్సులు తనిఖీ చేశారు. ఆ సెప్టెంబరులోనే అక్కడి పార్లమెంటు కొత్త రోడ్డు రవాణా చట్టాన్ని ఆమోదించింది. భారతదేశంలో ఇదే ధోరణి చిన్న స్థాయిలో నిత్యం కనిపిస్తుంది. పిల్లవాడు మరణిస్తాడు, బంధువులు, ఇరుగుపొరుగు రాస్తారోకో చేస్తారు, అధికారులు వచ్చి స్పీడ్ బ్రేకర్ వేయిస్తామని హామీ ఇస్తారు, జనం లేస్తారు. మర్నాడు వేసిన గట్టుకు కొలత ఉండదు. ముందే ఇచ్చిన అర్జీ మాత్రం ఏదో ఫైలులో ఉంటుంది.

ఆర్థికంగా చూసినా ఈ నిర్లక్ష్యం లాభసాటి కాదు. రోడ్డు ప్రమాదాల వల్ల 2018లో దేశానికి కలిగిన సామాజిక, ఆర్థిక నష్టాన్ని కేంద్రం చేయించిన అధ్యయనం 1,47,114 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. స్థూల దేశీయోత్పత్తిలో ఇది 0.77 శాతం. ప్రమాదం తర్వాత ఆదాయం పడిపోయినట్టు పేద కుటుంబాలలో 75 శాతానికి పైగా తెలిపినట్టు 2021లో వెలువడిన ప్రపంచబ్యాంకు అధ్యయనం పేర్కొంది. వీటితో పోలిస్తే ఒక వీధికి సరైన కొలతలతో గట్టు వేసి, రంగు పూసి, బోర్డు పెట్టడానికయ్యే ఖర్చు లెక్కలోకి రానిది.

చేయవలసింది కొత్త చట్టం కాదు. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక సంస్థలలో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే నిర్దేశించింది. వేగ నియంత్రణ అర్జీలను అక్కడే స్వీకరించి, రశీదు ఇచ్చి, నిర్ణీత గడువులో ఇంజనీరు, ట్రాఫిక్ పోలీసు అధికారి కలిసి వీధిని చూడవచ్చు. వందలో 85 వాహనాలు ఏ వేగానికి లోబడి పోతున్నాయో కొలిస్తే నిర్ణయానికి ఒక ఆధారం దొరుకుతుంది. మరణాల సంఖ్య కోసం వేచి ఉండనక్కరలేదు. మొదట ప్లాస్టిక్ స్తంభాలతో తాత్కాలికంగా ప్రయత్నించి చూడవచ్చు. కాదనేటట్లయితే కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. ఔనంటే ప్రమాణం ప్రకారం వేయాలి, వేసిన ఆరు నెలలకు మళ్లీ కొలవాలి. కొలతకు లొంగని పాత గట్లను ఇదే కమిటీ తొలగించవచ్చు. వివాదం వస్తే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉండనే ఉంది.

రహదారులపై వేల కోట్లు వ్యయం చేస్తున్న దేశానికి ఇది పెద్ద పని కాదు. వీధివాసులు అడుగుతున్నది తమ పిల్లలు గేటు దాటి బయటకు వెళ్లినప్పుడు మళ్లీ తిరిగి వస్తారన్న భరోసా. దానికి జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో ఆ వినతిపత్రం ఇవ్వబోయే రోజునే వారికి తెలిసి ఉండాలి.